సింగిలా, ట్విన్నా? టర్బో పంచాయితీ

కారు పిచ్చి ఉన్న కుర్రాళ్లు నలుగురు ఒకచోట చేరారంటే, చాయ్ చల్లారేలోపే ఈ గొడవ మొదలవుతుంది. "రెండు టర్బోలుంటే ఒకదానికంటే మంచిదే కదా అన్నా!" అంటాడొకడు. "మరి సుప్రా వాళ్లు ఉన్న రెండూ పీకేసి పెద్దది ఒకటి ఎందుకు పెట్టుకుంటున్నార్రా?" అంటాడు ఇంకొకడు. విచిత్రం ఏమిటంటే, ఇద్దరు చెప్పేదీ నిజమే. అందుకే ఈ పంచాయితీ తెగదు.

ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నల్లోనూ ఇది తరచూ కనిపిస్తుంది. హైదరాబాద్ నుంచి రాసేవాళ్లు ఆక్టేవియా ఆర్‌ఎస్‌కు పెద్ద టర్బో వేయించమంటారా అని అడుగుతారు. అమెరికాలో ఉద్యోగం చేసుకుంటున్న మనవాళ్లు పాత బీఎండబ్ల్యూ 335ఐ కొనబోతూ, రెండు టర్బోలది తీసుకోవాలా, ఒక టర్బోది తీసుకోవాలా అంటారు. ఇద్దరి చేతిలోనూ కష్టార్జితం ఉంది. తప్పు నిర్ణయం తీసుకుంటే డబ్బుతో పాటు ఇంజిన్ కూడా పోతుంది. కాబట్టి ఈ వారం తీరిగ్గా కూర్చుని ఈ లెక్క తేల్చుకుందాం.

కొలిమి తిత్తి, తిరగలి రాయి

టర్బో చేసే పని మన ఊరి కమ్మరి కొలిమి దగ్గర తిత్తి చేసే పనే. నిప్పుకు గాలి ఎక్కువ ఊదితే మంట పెరుగుతుంది. ఇంజిన్‌లోకీ అంతే. గాలి ఎక్కువ పంపితే దానికి తగ్గట్టు పెట్రోలు ఎక్కువ కాల్చొచ్చు, పవర్ పెరుగుతుంది. తేడా ఒక్కటే. తిత్తిని మనిషి ఊదుతాడు. టర్బోని మాత్రం సైలెన్సర్ వైపు వృథాగా పోయే వేడి పొగే తిప్పుతుంది. పొగ వచ్చే వైపు ఒక చక్రం ఉంటుంది, అది టర్బైన్. అదే ఇరుసు మీద రెండో చివర ఇంకో చక్రం ఉంటుంది, అది కంప్రెసర్. పొగ మొదటిదాన్ని తిప్పితే, రెండోది గాలిని నొక్కి ఇంజిన్‌లోకి తోస్తుంది. ఈ ఆలోచనకు స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బూషీ 1905లోనే పేటెంటు తీసుకున్నాడు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ఈ చక్రాలు నిమిషానికి లక్ష, లక్షన్నర చుట్లు తిరిగితేనే గాలి గట్టిగా నొక్కుకుంటుంది. చిన్న టర్బోలైతే రెండు లక్షలు కూడా దాటతాయి. అంత వేగం అందుకోవడానికి కొంత టైం పడుతుంది కదా. మీరు యాక్సిలరేటర్ తొక్కాక కారు "ఆగు, వస్తున్నా" అన్నట్టు ఒక్క క్షణం నీరసంగా ఉండి, తర్వాత ఒక్కసారిగా వీపు మీద చరిచినట్టు దూకుతుంది. దీన్నే టర్బో ల్యాగ్ అంటారు. పెద్ద తిరగలి రాయిని కదపడం కష్టం, కదిలాక పిండి దండిగా పడుతుంది. చిన్న తిరగలి చిటికెలో తిరుగుతుంది గానీ పిండి కొంచెమే. సింగిలా ట్విన్నా అనే గొడవంతా ఈ తిరగలి దగ్గరే పుట్టింది.

రెండు చిన్నవి, ఒక పెద్దది

అయితే పెద్ద రాయి బదులు రెండు చిన్న రాళ్లు పెడితే? పిండీ పడుతుంది, తిప్పడమూ తేలిక. ట్విన్ టర్బో వెనక ఆలోచన ఇదే. కాగితం మీద ఒక చిన్న లెక్క వేద్దాం.

60 మిల్లీమీటర్ల చక్రం ఉన్న టర్బో ఒకటి తీసుకోండి. గాలి పోయే దారి వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. అంతే దారి ఇవ్వాలంటే 42 మిల్లీమీటర్ల చక్రాలు రెండు చాలు. చక్రం బరువు మాత్రం వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి రెండు చిన్న చక్రాల బరువు కలిపినా పెద్దదాని బరువులో సుమారు 69 శాతమే. అంచు వేగం రెండు చోట్లా ఒకటే ఉండాలి గనుక, తిప్పడానికి పెట్టాల్సిన శక్తి కూడా దాదాపు ఆ నిష్పత్తిలోనే తగ్గుతుంది. అంటే 30 శాతం లాభం. బాగానే ఉంది.

కానీ మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అని పెద్దలు ఊరికే అనలేదు. ఇంజిన్ వదిలే పొగ అంతే, ఇప్పుడు దాన్ని ఇద్దరు పంచుకోవాలి. పైగా చక్రానికీ దాని గూడుకీ మధ్య సన్నని ఖాళీ ఉంటుంది. చక్రం చిన్నదైనంత మాత్రాన ఆ ఖాళీ అదే లెక్కన తగ్గదు. అందుకని చిన్న టర్బోలో ఆ సందులోంచి జారిపోయే గాలి వాటా ఎక్కువ. వేడి కూడా ఎక్కువ వృథా అవుతుంది. ఇవన్నీ తీసేస్తే ఆ 30 శాతంలో చేతికి మిగిలేది తక్కువే. దానికోసం రెండు టర్బోలు, రెండు వేస్ట్‌గేట్లు, రెట్టింపు ఆయిల్ పైపులు, రెట్టింపు గాస్కెట్లు మోయాలి. లీకయ్యే చోట్లు కూడా రెట్టింపే అని మీ మెకానిక్ చెప్పనక్కర్లేదు.

ఒకరి తర్వాత ఒకరు

రెండు టర్బోలు పెట్టే పద్ధతి ఒక్కటే కాదు. సగం సిలిండర్ల పొగ ఒకదానికి, సగం ఇంకోదానికి పంపితే అది ప్యారలల్ పద్ధతి. 1981లో మార్కెట్లోకి వచ్చిన మాసెరాటీ బైటర్బో, 1987 నాటి ఫెరారీ ఎఫ్40 ఇలాంటివే. ఇంకో పద్ధతి ఉంది. తక్కువ స్పీడులో ఉన్న పొగనంతా మొదటి టర్బోకే ఇచ్చి, స్పీడు పెరిగాక రెండోదాన్ని రంగంలోకి దింపడం. ఇది సీక్వెన్షియల్. 1986 నాటి పోర్షే 959లో ఇదే వాడారు. తర్వాత జపాన్ వాళ్లు మాజ్డా ఆర్‌ఎక్స్7లో, 1993 టొయోటా సుప్రాలో ఇదే పెట్టారు.

సుప్రా అంటే మన కుర్రాళ్లకు పరిచయం అక్కర్లేదు. 2001లో వచ్చిన ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ సినిమాలోని ఆరెంజ్ కారు అదే. అందులోని టూజేజెడ్ ఇంజిన్ మూడు లీటర్లు, ఆరు సిలిండర్లు వరసగా, దుక్క ఇనుప బ్లాకు. ఎగుమతి మోడల్‌కు 320 హార్స్‌పవర్. మొదటి టర్బో కింది నుంచే అందుకునేది, 4000 ఆర్‌పీఎం దగ్గర పడేసరికి రెండోది కలిసేది. రోడ్డు మీద నడుపుకోవడానికి హాయిగా ఉండే ఏర్పాటు.

మరి దాన్ని జనం ఎందుకు పీకేశారు? రెండోదాన్ని సరిగ్గా ఆ సమయానికి కలపడానికి బోలెడు వాల్వులు, వాక్యూమ్ గొట్టాలు పనిచేయాలి. ఇరవై, ముప్పై ఏళ్లకు ఆ రబ్బరు గొట్టాలు ఎండిపోయి పగులుతాయి. ఏది లీకవుతోందో వెతకడానికి రోజులు పడుతుంది. ఇక రెండో కారణం, వాళ్లకు కావల్సింది 320 కాదు, 600. అంత గాలి ఆ రెండు చిన్న టర్బోల వల్ల కాదు. అందుకే రెండూ తీసేసి, గుమ్మడికాయంత టర్బో ఒకటి తగిలించారు. పవర్ వచ్చింది. దానికి మూల్యంగా 4000 ఆర్‌పీఎం దాటేదాకా కారు మామూలు కారులాగే ఉంటుంది. డ్రాగ్ రేసు వాళ్లకు అది పెద్ద నష్టం కాదు, వాళ్ల ముల్లు ఎప్పుడూ పైనే ఉంటుంది. ఆఫీసుకు వెళ్లి వచ్చేవాడికి మాత్రం రోజూ కనబడే నష్టమే.

అంటే "సుప్రా వాళ్లు సింగిల్‌కి మారారు కాబట్టి సింగిల్ గొప్పది" అనే వాదనలో సగమే ఉంది. వాళ్లు చిన్న టర్బోల నుంచి పెద్ద టర్బోకి మారారు. ఒకటా, రెండా అన్నది ఆ కథలో రెండో విషయం.

బీఎండబ్ల్యూ చెప్పిన జవాబు

ఈ గొడవ తేల్చడానికి నాకు తెలిసినంతలో అన్నిటికంటే మంచి ఉదాహరణ బీఎండబ్ల్యూ 335ఐ. 2006లో ఈ కారులో ఎన్54 అనే ఇంజిన్ వచ్చింది. మూడు లీటర్లు, ఆరు సిలిండర్లు, రెండు చిన్న టర్బోలు, ఒక్కోటి మూడు సిలిండర్లకు. 306 హార్స్‌పవర్, 400 న్యూటన్ మీటర్ల టార్క్. నాలుగేళ్ల తర్వాత అదే కారులో ఎన్55 పెట్టారు. సైజు అదే, సిలిండర్లు అవే, పవర్ అదే 306, టార్క్ అదే 400. టర్బో మాత్రం ఒక్కటే! పైగా పూర్తి టార్క్ 1300 ఆర్‌పీఎం దగ్గర కాకుండా 1200 దగ్గరే అందింది.

రెండు తీసి ఒకటి పెడితే ల్యాగ్ పెరగాలి కదా, ఎలా తగ్గింది? ఇక్కడే ట్విన్ స్క్రోల్ అనే మాట వస్తుంది. దీన్ని ట్విన్ టర్బోతో కలిపేసుకుని మోసపోయేవాళ్లు చాలామంది. ట్విన్ స్క్రోల్ అంటే టర్బో ఒక్కటే, దానిలోకి పొగ వచ్చే గుమ్మాలు రెండు.

సిలిండర్ నుంచి పొగ ధారగా రాదు, ఊపిరి వదిలినట్టు ఉఫ్ ఉఫ్ అని విడతలుగా వస్తుంది. ఒక సిలిండర్ ఊదిన ఊపు టర్బైన్‌ను తట్టేలోపే పక్క సిలిండర్ ఊపు దానికి అడ్డం తగిలితే రెండూ నీరసపడతాయి. అదే 1, 2, 3 సిలిండర్లను ఒక గుమ్మానికి, 4, 5, 6 సిలిండర్లను ఇంకో గుమ్మానికి విడగొట్టారనుకోండి. ఈ ఇంజిన్‌లో సిలిండర్లు కాలే వరస 1-5-3-6-2-4 కాబట్టి, ఒకసారి ఈ గుమ్మం, ఒకసారి ఆ గుమ్మం ఊదుతాయి. రోకటిపోటు వేసే ఇద్దరు ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వేసినట్టు, ఒకరి పోటు ఇంకొకరికి తగలదు. ఉన్న పొగలోంచే ఎక్కువ పని రాబట్టారన్నమాట.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఎన్55లో గాలి లోపలికి వెళ్లే వాల్వుల ఏర్పాటు కూడా మార్చారు. ఆ మేలు అంతా టర్బో ఖాతాలోనే వేయకూడదు. అయినా, రోడ్డు మీద తిరిగే ఆరు సిలిండర్ల కారుకు రెండు టర్బోలు తప్పనిసరి కాదని అది తేల్చి చెప్పింది. ఆ తర్వాత వచ్చిన బీ58 ఇంజిన్‌కూ ఒకటే టర్బో. 2019లో మళ్లీ పుట్టిన సుప్రా పైమోడల్‌లో ఉన్నది ఈ బీఎండబ్ల్యూ ఇంజినే. అంటే 1993లో రెండు టర్బోలతో వచ్చిన పేరు, 2019లో షోరూమ్ నుంచే ఒక టర్బోతో వచ్చింది. మన దగ్గర అమ్మే ఎం340ఐ కూడా ఇదే కుటుంబం. ఇంజిన్ కవర్ మీద "ట్విన్‌పవర్ టర్బో" అని రాసి ఉంటుంది, తెరిచి చూస్తే టర్బో ఒక్కటే.

మరి అదే బీఎండబ్ల్యూ, 2014 ఎం3లో మళ్లీ రెండు టర్బోలు ఎందుకు పెట్టింది? ఎందుకంటే ఆ కారు 7000 ఆర్‌పీఎం దాటినా ఊపిరి బిగపట్టకుండా 431 హార్స్‌పవర్ ఇవ్వాలి. రేస్ ట్రాక్ మీద ముల్లు పైపైనే తిరిగేవాడికి పొగ బయటికి పోయే దారి విశాలంగా ఉండాలి. ఒకే కంపెనీ, ఒకే రకం ఆరు సిలిండర్లు, రోడ్డు కారుకు ఒకటి, ట్రాక్ మనసున్న కారుకు రెండు. ముల్లు ఎక్కువ సేపు ఎక్కడ ఉంటుందన్నదే వాళ్లు చూసుకున్నారు.

ఇంజిన్ ఆకారం కూడా అడగండి

ఇంకో విషయం. ఇంజిన్ వీ ఆకారంలో ఉంటే సిలిండర్లు రెండు గుంపులుగా, ఇటూ అటూ విడిపోయి ఉంటాయి. రెండు వైపుల పొగనీ ఒకచోటికి తేవాలంటే పొడుగు పైపులు వేయాలి, దారిలోనే వేడి చల్లారిపోతుంది. అందుకే నిస్సాన్ జీటీ-ఆర్ లాంటి వీ6లకు వైపుకొకటి చొప్పున రెండు టర్బోలు సహజం. ఆడీ ఎస్5 లాంటి కొన్ని వీ6లలో మాత్రం పొగ బయటికొచ్చే దారుల్ని వీ లోపలికి తిప్పి, ఆ మధ్య లోయలో ఒకే ట్విన్ స్క్రోల్ టర్బోని కూర్చోబెట్టారు.

ఫార్ములా వన్ చరిత్రలోనూ ఇదే కనిపిస్తుంది. 1983లో నెల్సన్ పికే టర్బో కారుతో మొదటిసారి డ్రైవర్ల చాంపియన్‌షిప్ గెలిచాడు. బ్రాభమ్ కారులోని ఆ బీఎండబ్ల్యూ ఇంజిన్‌కు నాలుగు సిలిండర్లు వరసగా, టర్బో ఒకటే. ఆ తర్వాత 1984, 85, 86 మూడేళ్లూ మెక్‌లారెన్ డ్రైవర్లే గెలిచారు. వాళ్లది పోర్షే తయారుచేసిన వీ6, టర్బోలు రెండు. ఒకటి పెట్టినవాళ్లూ గెలిచారు, రెండు పెట్టినవాళ్లూ గెలిచారు. ఎవరి ఇంజిన్‌కు తగ్గది వాళ్లు పెట్టుకున్నారు, అంతే.

మన షోరూముల్లోకి వచ్చిన ఆక్టేవియా ఆర్‌ఎస్, గోల్ఫ్ జీటీఐ లాంటి రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల కార్లలో ఈ చర్చే అక్కర్లేదు. ఒకటి చాలు. మెర్సిడెస్ ఏఎంజీ ఏ45 ఎస్ రెండు లీటర్లలో ఒకే టర్బోతో 421 హార్స్‌పవర్ ఇస్తోంది. ఇక కొత్త సీ43లో టర్బో ఇరుసు మీదే చిన్న ఎలక్ట్రిక్ మోటారు కూర్చోబెట్టారు. పొగ కోసం ఎదురుచూడకుండా మోటారే ముందు తిప్పేస్తుంది. అంతకుముందు సీ43లో వీ6, రెండు టర్బోలు ఉండేవి. ఇప్పుడు నాలుగు సిలిండర్లు, ఒక టర్బో.

మన ఎండ, మన రోడ్డు, మన పెట్రోలు

ఇక మన దగ్గరికి వద్దాం. అమీర్‌పేట ట్రాఫిక్‌లో ముల్లు 1500కి, 2500కి మధ్యే ఆడుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద చట్టం ఒప్పుకునే వేగంలో పై గేర్‌లో వెళ్తున్నా అంతే. 4500 దగ్గర నిద్రలేచే టర్బో పెట్టించుకుంటే, అది లేచేసరికి మీరు స్పీడ్ గన్ ముందు ఉంటారు. పైగా తడి రోడ్డు మీద, మలుపులో, ఒక్కసారిగా వచ్చే ఆ ఊపు ప్రమాదం కూడా. నిదానంగా పెరిగే పవర్‌ని కాలు అదుపు చేస్తుంది. దబ్బున పడేదాన్ని అదుపు చేయాలంటే రేసర్లకే కష్టం.

ఎండ సంగతి చూడండి. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకుంటే, మే నెల విజయవాడలో 45 డిగ్రీల గాలిని ఒక బార్ బూస్ట్‌కి నొక్కేసరికి అది 140 డిగ్రీలు దాటుతుంది. దాన్ని చల్లబరిచే ఇంటర్‌కూలర్ చుట్టూ ఉన్నది కూడా ఆ 45 డిగ్రీల గాలే. వేడి గాలి, తక్కువ ఆక్టేన్ పెట్రోలు కలిస్తే నాకింగ్ మొదలవుతుంది. అంటే స్పార్క్ పడకముందో, పడ్డాక అదుపు తప్పో మిశ్రమం పేలుతుంది. పిస్టన్లు పగిలేది ఇలాగే. మన మామూలు పెట్రోలు చాలాకాలం 91 ఆక్టేనే ఉండేది, ప్రీమియం 95. 100 ఆక్టేన్ ఉంది గానీ అన్ని బంకుల్లో దొరకదు. చల్లని దేశంలో, మంచి పెట్రోలు మీద తీసిన డైనో అంకె చూసి ఇక్కడ డబ్బు కట్టేయకండి.

కాబట్టి కిట్ అమ్మేవాణ్ని "ఎన్ని టర్బోలు? ఎంత హార్స్‌పవర్?" అని అడగడం కాదు. "2000 ఆర్‌పీఎం దగ్గర టార్క్ ఎంత? పూర్తి బూస్ట్ ఎక్కడ మొదలవుతుంది? ఏ పెట్రోలు మీద, ఎంత ఎండలో ట్యూన్ చేశారు?" అని అడగండి. మొత్తం గ్రాఫ్ కాగితం మీద ఇమ్మనండి. ఆఖరి అంకె మాత్రమే చెప్పి గ్రాఫ్ దాచేవాడి దగ్గర లేచి వచ్చేయడమే మంచిది. టర్బో ఖర్చుతో ఆగదు కూడా. ఇంజెక్టర్లు, ఇంధన పంపు, ఇంటర్‌కూలర్, క్లచ్, బ్రేకులు, ట్యూనింగ్ అన్నీ తోకలా వెంట వస్తాయి. కనెక్టింగ్ రాడ్లు తట్టుకోకపోతే ఇంజినే విప్పాలి.

చట్టం సంగతి మరవద్దు. కంపెనీ ఇచ్చిన అసలు నిర్మాణానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చడానికి వీల్లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఇంజిన్‌లో చెప్పకుండా చేసిన మార్పు ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర మెడకు చుట్టుకుంటుంది. రేపు ఏదైనా ప్రమాదం జరిగితే మీతో పాటు మీ ఇంట్లోవాళ్లూ దాని చుట్టూ తిరగాలి. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకైతే, రోడ్డు మీద తిప్పే కారుకు పెట్టే కిట్‌కి అక్కడి గాలి నాణ్యత బోర్డు ఇచ్చిన అనుమతి నంబరు ఉండాలి. లేకపోతే స్మాగ్ చెక్ దగ్గరే ఆగిపోతుంది.

మరి ఏం చేద్దాం?

ఆక్టేవియా ఉన్న తమ్ముడికి: కంపెనీ పెట్టిన టర్బో నీ రోడ్డుకు చాలు. మంచి టైర్లు, బ్రేకులు చూసుకో. సరదా తీరకపోతే చెన్నై దగ్గరి రేస్ ట్రాక్‌లో ట్రాక్ డే ఉన్నప్పుడు వెళ్లు. అక్కడ ముల్లు పైన తిప్పి చూశాక, నీకు నిజంగా పెద్ద టర్బో కావాలో, డ్రైవింగ్ క్లాసులు కావాలో నీకే తెలుస్తుంది.

335ఐ వెతుకుతున్నవారికి: రోజూ నడుపుకోవడానికైతే ఒక టర్బో ఉన్న ఎన్55 తీసుకోండి. విడిభాగాలు తక్కువ, పాతబడ్డాక తలనొప్పీ తక్కువ. పవర్ బాగా పెంచుకోవాలనుకునేవాళ్లు ఎన్54నే ఇష్టపడతారన్నది నిజం. కానీ రెండు పాత టర్బోలు మార్చే రోజు వస్తుందని ముందే డబ్బు పక్కన పెట్టుకుని దిగాలి.

కంపెనీ నుంచే రెండు టర్బోలతో వచ్చిన వీ6, వీ8 ఉన్నవాళ్లకు: వాటిని అలాగే ఉంచండి. పాడైతే ఒకటి కాదు, రెండూ కలిపి మార్పించండి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే ఎడ్లబండికి జత కుదరని ఎడ్లను కట్టినట్టే ఉంటుంది.

ఇక టర్బో ఒకటున్నా, రెండున్నా అందరికీ ఒకే మాట. ఆయిల్ టైముకి మార్చండి. గట్టిగా నడిపి వచ్చాక ఇంజిన్ ఠక్కున ఆపేయకుండా ఆఖరి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి. ఎర్రగా కాలిన టర్బైన్ ఇరుసు మీద ఆయిల్ ఆగిపోతే అక్కడే మాడి బొగ్గవుతుంది. టర్బోలు ఎక్కువగా చచ్చేది స్పీడు వల్ల కాదు, ఇలాంటి నిర్లక్ష్యం వల్లే.

వచ్చే వారం ఇంటర్‌కూలర్ గురించి మాట్లాడుకుందాం. మన ఎండల్లో దానికున్న విలువ చాలామంది గుర్తించరు.